వయొలిన్‌తో లూపర్, డిలే: కచేరీలో కాలప్రమాణం వాద్యకారుడి చేతిలోనే ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (తంత్రీనాదం)

నమస్కారం. వయొలిన్ ఒక్కదాన్నే ఆధారంగా చేసుకుని, దానికి లూపర్ (వాయించినదాన్ని నమోదు చేసి మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించేది), డిలే (వాయించినదాన్ని కొంత ఆలస్యంగా తిరిగి వినిపించేది), శ్రుతిని మార్చే ఎఫెక్ట్ జోడించి గంటసేపు వాయించే కార్యక్రమం ఒకటి సిద్ధం చేసుకుంటున్నాను. వాద్యానికి పియెజో పికప్ (వాద్యపు కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) ఉంది, ఎదురుగా ఒక మైక్ పెట్టుకుంటాను, ఆ రెండూ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి వెళతాయి. గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసినప్పుడు అంతా అనుకున్నట్టే పలుకుతుంది. వేదిక మీద పెద్ద స్పీకర్లు మోగడం మొదలయ్యాక మాత్రం లూప్ చేసిన ధ్వని మళ్ళీ మైక్‌లోకి చేరి, ప్రతి ఆవర్తనానికీ చిక్కబడుతూ చివరికి ఫీడ్‌బ్యాక్‌గా, అంటే ఆగని కూతగా, మారుతోంది.

అంతకన్నా నన్ను ఎక్కువగా బాధపెడుతున్న విషయం మరొకటి ఉంది. లూప్ ఒకసారి తిరగడం మొదలైతే ఇక దాని వెంట నేను నడవవలసిందే. ఒక స్వరం మీద కాస్త నిలబడాలనిపించినా, ఒక సంగతిని సాగదీసి వాయించాలనిపించినా యంత్రం నా కోసం ఆగదు. మృదంగం వాయించే మిత్రుడు తోడు వచ్చినప్పుడు కొద్దిసేపట్లోనే లూప్ ఒక దారి, ఆయన నడక మరో దారి అవుతున్నాయి. శ్రుతిని మార్చే ఎఫెక్ట్ అయితే నిలకడ స్వరాలకు బాగానే తోడు వస్తుంది కానీ, గమకం వేయగానే మెట్లు మెట్లుగా తెగిపోతుంది. పరికరాలు మార్చాలా, వాటిని కలిపే క్రమం మార్చాలా, లేక నా సంగీత రచననే వేరే విధంగా ఆలోచించుకోవాలా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (ధ్వనిమార్గం)

నమస్కారమండీ. నేను కచేరీలకు సౌండ్ చూసుకునేవాణ్ణి కనుక ఫీడ్‌బ్యాక్ గురించి, ఆలస్యం గురించి మాత్రమే చెబుతాను. మీ రెండో ప్రశ్నకు సంగీత రచయితలు జవాబివ్వడం న్యాయం.

మైక్‌కూ పికప్‌కూ పనులు విడదీయండి. లూపర్‌లోకి, డిలేలోకి వెళ్ళే సంకేతం పికప్ నుంచి మాత్రమే వెళ్ళాలి. మైక్‌లో వినిపించే వాద్యపు సహజనాదం నేరుగా మిక్సర్‌కు వెళ్ళి సభకు వినిపించాలి తప్ప, ఎఫెక్టుల గడప తొక్కకూడదు. అప్పుడు స్పీకర్లలోంచి వచ్చే లూప్ మైక్‌లో పడినా అది మళ్ళీ రికార్డు కాదు. మీ లూప్ చిక్కబడడానికి కారణం, ప్రతి పొరతో పాటు అప్పటికే గదిలో మోగుతున్న పాత పొరలు కూడా కొత్తగా నమోదు కావడమే.

పియెజో పికప్‌ను ఇంటర్‌ఫేస్‌లోని మామూలు లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా తగిలించకండి. పియెజోకు సుమారు ఒక మెగాఓమ్ లేదా అంతకన్నా ఎక్కువ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సంకేతానికి ఎదురయ్యే విద్యుత్ నిరోధం) ఉన్న ప్రీయాంప్ కావాలి. అంతకన్నా బాగా తక్కువ ఉన్నచోట కింది స్థాయి నాదం పలచబడి, మిగిలినది గీరినట్టు వినిపిస్తుంది. వయొలిన్‌ను పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసినట్లయితే దాని అతి మంద్రపు తీగ సుమారు 196 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మీ శ్రుతి అంతకన్నా కింద ఉంటే ఆ మేరకు లెక్క తగ్గించుకోండి. మీ అతి మంద్రస్వరానికి కొంచెం దిగువ వరకు ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో కోసేస్తే వేదిక దడ, కాలి చప్పుడు, ఫీడ్‌బ్యాక్‌లో కొంత భాగం ఒక్కసారే పోతాయి. అయితే నాదాన్ని ఒక స్థాయి కిందికి దించే ఎఫెక్ట్ వాడుతుంటే ఈ ఫిల్టర్ దానికి ముందు ఉండాలి. తరువాత పెడితే మీరు పుట్టించిన మంద్రనాదాన్ని మీరే కోసేసినట్టవుతుంది. కంప్రెసర్ విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది చిన్న శబ్దాలకూ పెద్ద శబ్దాలకూ మధ్య తేడాను తగ్గించి, మీరు వాయించనప్పుడు కూడా స్పీకర్ల ధ్వనిని పైకి లాగుతుంది.

ఇక ఆలస్యం సంగతి. సెకనుకు 48,000 శాంపిళ్ళ (ధ్వని కొలతల) వేగంలో 128 శాంపిళ్ళ బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క) అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి లెక్కవేస్తే 5.3 అవుతుంది, కన్వర్టర్ల ఆలస్యం దీనికి అదనం. బఫర్ 512 చేస్తే ఒక్క బఫర్ల వల్లనే 21 మిల్లీసెకన్లు దాటుతుంది. గాలిలో ధ్వని ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, మూడు మీటర్ల దూరంలో ఉన్న మానిటర్ వినడం కూడా సుమారు 9 మిల్లీసెకన్ల ఆలస్యమే. కమానుతో మెల్లగా మొదలయ్యే స్వరానికి ఈ మాత్రం తెలియదు. మీటిన స్వరానికి, మృదంగం దెబ్బకు తెలుస్తుంది. అందుకే సహజనాదాన్ని కంప్యూటర్ గుండా పంపకుండా నేరుగా మిక్సర్‌కు పంపమంటున్నాను. ఎఫెక్ట్ ధ్వని కొంచెం వెనకబడినా వినేవారు దానిని ప్రతిధ్వనిగానే తీసుకుంటారు. పైగా ల్యాప్‌టాప్ మధ్యలో మొరాయించినా మీ వయొలిన్ సభకు వినిపిస్తూనే ఉంటుంది. సంగీతం ఆగిపోని దారి ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలన్నది ఈ పనిలో నేను పట్టుదలగా పాటించే నియమం.

సమాధానం (స్వరరేఖ)

ధ్వనిమార్గం గారు చెప్పినవన్నీ ముందు చేయండి. ఆ తరువాత కూడా మీ రెండో చిక్కు అలాగే ఉంటుంది, ఎందుకంటే అది పరికరాల లోపం కాదు. వాద్యకారుడికీ యంత్రానికీ మధ్య కాలం ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్న, వాద్యానికి ఎలక్ట్రానిక్ ధ్వని జోడించే ఈ సంగీతం పుట్టిన నాటి నుంచీ దాన్ని వెంటాడుతోంది. సంగీత రచయితలు దానికి కనుగొన్న దారులు మీకు నేరుగా పనికివస్తాయి.

తొలిరోజుల్లో వాద్యకారులు ముందే సిద్ధం చేసిన టేపుతో కలిసి వాయించేవారు. బ్రూనో మదెర్నా 1952లో వేణువుకూ టేపుకూ కలిపి ఒక రచన చేశారు. మారియో దావిదోవ్‌స్కీ 1963లో వేణువుతో మొదలుపెట్టి, ఒక్కొక్క వాద్యానికి టేపును జోడిస్తూ ఒక రచనల వరుసనే నడిపారు. టేపు ఆగదు, వినదు. వాద్యకారుడే దానికి సర్దుకోవాలి. మీ లూప్ ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే. కాకపోతే ఆ టేపును సభ ఎదుట మీరే తయారు చేస్తున్నారు.

రెండో దారి యంత్రానికి సొంత కాలం లేకుండా చేయడం. కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ 1964లో రాసిన మైక్రోఫోనీ 1లో టామ్‌టామ్ అనే ఒకే ఒక పెద్ద లోహపు గాంగ్ ఉంటుంది. ఇద్దరు దాన్ని మోగిస్తారు, ఇద్దరు మైకులను చేత్తో పట్టుకుని దగ్గరగానూ దూరంగానూ జరుపుతారు, మరో ఇద్దరు ఫిల్టర్లను నడుపుతారు. మైక్ కూడా అక్కడ ఒక వాద్యమే. 1970లో ఆయనే రాసిన 'మంత్ర' అనే రచనలో ఇద్దరు పియానో వాద్యకారులు తమ నాదాన్ని రింగ్ మాడ్యులేటర్‌లోకి పంపి, దాన్ని మార్చే నియంత్రణను తామే తిప్పుతారు. ఈ రెండింటిలోనూ ఎలక్ట్రానిక్ భాగానికి విడిగా నడక లేదు. మనిషి ఆగితే అదీ ఆగుతుంది. మీరు వెతుకుతున్నది ఇదేనని నా అభిప్రాయం.

రింగ్ మాడ్యులేషన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వయొలిన్ వారు దీన్ని అకారణంగా దూరం పెడుతున్నారు. ఇది లోపలికి వచ్చిన స్వరాన్ని తీసేసి, దానికీ యంత్రంలోని స్వరానికీ గల మొత్తాన్నీ తేడానూ వినిపిస్తుంది. 440 హెర్ట్జ్ స్వరానికి 100 హెర్ట్జ్ జోడిస్తే 540, 340 వస్తాయి. వాటికి మీ శ్రుతితో పొత్తు ఉండదు కనుక గంట మోగినట్టు కరుకుగా పలుకుతుంది. అదే 220 జోడిస్తే 660, 220 వస్తాయి. ఒకటి పంచమం, మరొకటి కింది షడ్జం, రెండూ మీ స్వరంతో ఒదుగుతాయి. అంటే యంత్రంలోని స్వరాన్ని మీ షడ్జానికి పెట్టుకుంటే, షడ్జ పంచమాల మీద ధ్వని నిర్మలంగా ఉంటుంది, వాటికి దూరం జరిగేకొద్దీ గరుకెక్కుతుంది. మళ్ళీ షడ్జానికి చేరగానే తేటపడుతుంది. ఆ మార్పు మొత్తం మీ వేలి కదలికను క్షణక్షణం అనుసరిస్తుంది. గమకం ఎంత సూక్ష్మంగా వేస్తే అంత స్పష్టంగా చూపిస్తుంది.

మీ గమకాల సమస్యకు మూలం కూడా ఇక్కడే ఉంది. రాగంలోని స్వరాలను చూసి తోడు స్వరాన్ని ఎంచుకునే హార్మనైజర్, ముందుగా మీరు ఏ స్వరం వాయిస్తున్నారో తేల్చుకోవాలి. అందుకు కనీసం ఒకటి రెండు కంపనాలు పూర్తి కావాలి. 196 హెర్ట్జ్ దగ్గర ఒక కంపనానికి 5.1 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, మంద్రస్థాయిలో ఆ నిర్ణయం పది మిల్లీసెకన్ల తరువాతే వస్తుంది. ఆలోపు మీ వేలు మరోచోటికి జారిపోయి ఉంటుంది. యంత్రం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దూకుతుంది. దానికి బదులు ఎప్పుడూ ఒకే అంతరంలో, ఉదాహరణకు సరిగ్గా పంచమం కింద, నాదాన్ని దించే సాధారణ పిచ్ షిఫ్టర్ వాడండి. అది స్వరాన్ని ఎంచుకునే పని పెట్టుకోదు కనుక మీ జారును జారుగానే తీసుకుపోతుంది. రాగంలో లేని స్వరం ఒక్కొక్కచోట తగలవచ్చు. అలాంటి చోట్ల పెడల్‌తో దాన్ని ఆపడం మీ రచనలో భాగం కావాలి.

మూడో దారి యంత్రానికి వినడం నేర్పడం. వాద్యకారుడు వాయిస్తున్న స్వరాలను పట్టుకుని స్వరలిపిలో ఎక్కడున్నాడో కంప్యూటర్ గుర్తించే పద్ధతిని బారీ వెర్కో, రోజర్ డానెన్‌బర్గ్ విడివిడిగా 1984లో ప్రకటించారు. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మిల్లర్ పకెట్, కంప్యూటర్ సంగీతాన్ని అప్పటికప్పుడు నడిపించే మాక్స్ అనే ప్రోగ్రామ్‌ను రూపొందించారు. అక్కడే ఫిలిప్ మనూరీ 1987లో వేణువు కోసం రాసిన జూపిటర్‌లో కంప్యూటర్ వేణువును వింటూ తన వంతు సమయానికి అందుకుంటుంది. ఈ పద్ధతి ముందే రాసిపెట్టిన సంగీతానికి బాగా పనిచేస్తుంది. మీరు మనోధర్మంతో వాయిస్తే స్వరలిపిని అనుసరించే ప్రోగ్రామ్‌కు అనుసరించడానికి ఏమీ ఉండదు. మీకు కావలసింది కాలి కింద ఒక పెడల్. నొక్కినప్పుడల్లా తరువాతి అమరికకు వెళ్ళేలా పెట్టుకోండి. ఎన్ని పరికరాలున్నా ఈ సాదా ఏర్పాటును మించిన విశ్వాసపాత్రమైనది నాకు కనిపించలేదు.

సమాధానం (ఆవర్తనం)

స్వరరేఖ గారి వివరణ ఎంతో విలువైనది. కానీ లూప్‌ను ఆగని టేపుగా మాత్రమే చూడడాన్ని నేను అంగీకరించలేను. నేను చెల్లో వాయిస్తాను, నా కార్యక్రమం ఎక్కువ భాగం లూపర్ మీదనే నడుస్తుంది. లూప్‌కు మొండితనం ఉన్నది నిజమే. అయితే లూప్ అంటే తాళంలో బిగించినదే కానక్కరలేదు.

పౌలీన్ ఒలివెరోస్, టెర్రీ రైలీ వంటివారు 1960లలో రెండు టేపు రికార్డర్లను దూరంగా పెట్టి, ఒకదాని మీద రికార్డయిన టేపు రెండోదాని దాకా వెళ్ళి వినిపించేలా, అది మళ్ళీ మొదటి దానిలోకి చేరేలా అమర్చారు. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడిస్తే, మీటరు దూరానికి సుమారు 5.3 సెకన్ల ఆలస్యం వస్తుంది. వాయించినది అన్ని సెకన్ల తరువాత తిరిగి వస్తుంది, ప్రతిసారీ కొంత తగ్గుతుంది, చివరికి మాయమవుతుంది. అందులో నొక్కవలసిన క్షణం లేదు, తప్పిపోయే దెబ్బ లేదు. మీ డిలేను ఐదారు సెకన్లకు పెట్టి, ప్రతి పునరావృత్తికీ ధ్వని 0.7 వంతుకు తగ్గేలా చేయండి. ప్రతిసారీ సుమారు 3 డెసిబెళ్ళు తగ్గుతుంది కాబట్టి ఒక పదబంధం దాదాపు ఇరవై పునరావృత్తులకు వినపడనంతగా కరిగిపోతుంది. ఆ లోపల మీరు ఒక స్వరం మీద ఎంతసేపైనా నిలవవచ్చు. ఆలాపనకు ఇంతకన్నా అనువైన తోడు నేను ఎరుగను.

తాళబద్ధమైన లూప్ విషయంలో, మీరు దాన్ని ముగించే క్షణం సరిచూసుకోండి. చాలామంది చివరి స్వరం అయిపోగానే పెడల్ నొక్కుతారు. నొక్కవలసింది తరువాతి ఆవర్తనపు మొదటి దెబ్బ మీద. లూప్‌ను ముగించడానికి కాదు, రెండో ఆవర్తనాన్ని ఎత్తుకోవడానికి నొక్కుతున్నట్టు భావించి, ఆ దెబ్బ మీద ఆగకుండా వాయిస్తూనే ఉండండి. నిమిషానికి 96 దెబ్బల నడకలో ఎనిమిది దెబ్బల లూప్ సరిగ్గా 5 సెకన్లు. మీరు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా నొక్కితే ఒంటరిగా వాయించేటప్పుడు అది ఒక చిన్న తడబాటులాగే వినిపిస్తుంది. మృదంగం వారు తమ నడకను స్థిరంగా పట్టుకుంటే మాత్రం, ఇరవై ఆవర్తనాలకు ఆ తేడా పూర్తిగా ఒక సెకను అవుతుంది. మీ మిత్రుడి నడక తప్పడం లేదు. ఆయనకు లూప్ సరిగా వినిపించకపోవడమో, లూప్ పొడవులో ఇలాంటి తేడా ఉండడమో జరుగుతోంది. లూప్‌ను మాత్రమే ఆయన చెవిలోకి హెడ్‌ఫోన్ ద్వారా పంపండి, వయొలిన్ ఆయనకు ఎలాగూ పక్కనే వినిపిస్తుంది.

పొరల సంగతి కూడా చెప్పాలి. ఒకే స్థాయిలో మూడు పొరలు వేస్తే నాలుగోది ఎంత బాగా వాయించినా వినిపించదు. ఒకటి మంద్రంలో దీర్ఘస్వరంగా, ఒకటి మీటుగా, ఒకటి కమాను కట్టెతో తట్టిన శబ్దంగా ఉంచి, మీరు పాడించదలచిన స్థాయిని ఖాళీగా వదలండి. రివర్బ్‌ను (గదిలో మోగిన అనుభూతినిచ్చే ఎఫెక్ట్‌ను) లూపర్‌కు ముందు పెట్టకండి. పొర పొరకూ గది చొప్పున పేరుకుపోతుంది. లూపర్ తరువాత పెడితే అన్ని పొరలూ ఒకే గదిలో మోగుతాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం, లూపర్ వాడే కచేరీల్లో దాదాపు ప్రతి అంశమూ ఒక పొరతో మొదలై, పెరిగి పెరిగి, శిఖరం మీద ఆగిపోతుంది. మూడు అంశాలు వినేసరికి నాలుగోది ఎలా ఉంటుందో సభకు ముందే తెలిసిపోతుంది. పొరలు వేయడాన్ని ఎంత శ్రద్ధగా రచిస్తామో వాటిని తీయడాన్ని అంత శ్రద్ధగా రచించాలి. నిండుగా ఉన్నచోట అకస్మాత్తుగా అంతా ఆపి ఒంటరి వయొలిన్‌ను వినిపించండి. ఆగిన లూప్‌ను మళ్ళీ తీసుకురాకపోయినా నష్టం లేదు.

సమాధానం (శ్రోత)

నేను వాయించను, వింటాను. వినేవాడిగా ఒక్క మాట. ఏది అప్పటికప్పుడు పుడుతోందో, ఏది ముందే సిద్ధం చేసి తెచ్చారో తెలియకపోతే నా ధ్యాస సంగీతం మీద నుంచి ల్యాప్‌టాప్ మీదికి పోతుంది. మొదటి అంశంలో ఒక్క పొరను, ఇంకేదీ మోగకుండా, అందరికీ కనిపించేలా వాయించి తిప్పి వినిపిస్తే చాలు. ఆ తరువాత ఎంత క్లిష్టంగా వెళ్ళినా మీ వెంట వస్తాను. ముందే రికార్డు చేసినది వాడితే దాన్ని మాటల్లో చెప్పండి. అది తెలిసినందువల్ల నా ఆనందం ఏమీ తగ్గదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (తంత్రీనాదం)

అందరికీ ధన్యవాదాలు. పికప్‌ను, మైక్‌ను విడదీసి, సహజనాదాన్ని నేరుగా మిక్సర్‌కు పంపాను. ఫీడ్‌బ్యాక్ పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఆలాపన మొత్తాన్ని దీర్ఘమైన డిలే మీదికి మార్చుకుని, లూప్‌ను తాళం ఉన్న రెండు అంశాలకే పరిమితం చేయాలని నిర్ణయించుకున్నాను. రింగ్ మాడ్యులేటర్‌ను షడ్జానికి పెట్టి విన్నప్పుడు, నిషాదం నుంచి షడ్జానికి వచ్చే జారులో గరుకుతనం తేటపడడం నాకు ఎంతో నచ్చింది.

ఇంకొక్క సందేహం మిగిలింది. ఈ రచనలను నా శిష్యులు కూడా తరువాత వాయించాలని నా కోరిక. స్వరలిపి రాయడం తెలుసు. ఎలక్ట్రానిక్ భాగాన్ని ఏ విధంగా రాసిపెట్టాలి? నా ల్యాప్‌టాప్‌లోని ఫైలును ఇస్తే సరిపోతుందా?

సమాధానం (స్వరరేఖ)

ఫైలు ఇవ్వండి కానీ, దాని మీద ఆధారపడకండి. ఇర్కామ్‌లో 1980లలో 4ఎక్స్ అనే ప్రత్యేక యంత్రం కోసం రచనలు జరిగాయి. పియరీ బూలెజ్ 1981లో తొలిసారి వినిపించిన రెపోన్స్, మనూరీ జూపిటర్ రెండూ దాని మీదనే పుట్టాయి. ఆ యంత్రం మూలపడ్డాక ఆ రచనలను కొత్త కంప్యూటర్ల మీదికి మళ్ళీ మళ్ళీ తర్జుమా చేయవలసి వచ్చింది. పెద్ద సంస్థ అండగా ఉంది కనుక అవి బతికాయి. మన రచనలకు ఆ అండ ఉండదు.

అందువల్ల స్వరలిపి కింద మరో గీత గీసి, పెడల్ నొక్కవలసిన ప్రతి చోటా వరుస సంఖ్య వేయండి. ఆ సంఖ్యకు ఎదురుగా ఏం జరుగుతుందో కొలతల్లో రాయండి. 'డిలే 5.3 సెకన్లు, ప్రతి పునరావృత్తికి 3 డెసిబెళ్ళు తగ్గాలి, 4,000 హెర్ట్జ్ పైన కోయాలి' అన్నట్టుగా ఉండాలి. రింగ్ మాడ్యులేటర్‌కు హెర్ట్జ్ సంఖ్య రాయకుండా 'వాద్యపు మంద్ర షడ్జం' అని రాయండి, ఎందుకంటే మీ శిష్యురాలి శ్రుతి వేరు కావచ్చు. కంపెనీ పేరు, ప్రోగ్రామ్ పేరు, అందులోని మీట ఎన్ని గంటల దిక్కుకు తిప్పాలన్న వివరం వేటినీ నమ్ముకోవద్దు. ప్రతి అమరికకూ అర నిమిషం ధ్వనిని రెండు విధాలుగా రికార్డు చేసి జతపరచండి. ఒకటి ఎఫెక్ట్ లేని వయొలిన్, రెండోది అదే పదబంధం ఎఫెక్ట్‌తో. మొదటి దాన్ని తమ పరికరంలోకి పంపి, రెండోది వినిపించేదాకా సరిచేసుకోవడం ఎవరికైనా సాధ్యమే.